వీపు మీద సుందరకాండ, లోపల సీరియల్

ఇక్కడ ఒహాయోలో మా పూజ అల్మారా కింది అరలో ఒక ఎర్ర క్యాలికో బైండు ఉండేది. వీపు మీద బంగారు రంగు అక్షరాలతో ‘సుందరకాండ’ అని రాసి ఉంటుంది. లోపల హనుమంతుడు లేడు. డెబ్బైల్లో ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్ ఉంది. ఆరడుగుల హీరో, మేడ, కారు, పౌరుషం గల పేదింటి అమ్మాయి, అన్నీ సక్రమంగా ఉన్నాయి.

తెనాలిలో మా అమ్మ వారం వారం ఆ పేజీలు పిన్ను విప్పి తీసి, పరుపు కింద దాచి, సీరియల్ అయిపోయాక బైండింగు ఆయనకి ఇచ్చింది. మా నాయనమ్మకి నవలలంటే గిట్టదు. అందుకని పేరు అలా వేయించింది. నాయనమ్మ ఆ పుస్తకం కనబడినప్పుడల్లా కళ్లకద్దుకుని తీసినచోటే పెట్టేది. కోడలు మధ్యాహ్నం రెండు గంటలు కదలకుండా సుందరకాండ చదువుతోందని పేరంటాల్లో గొప్పగా చెప్పుకునేది కూడా.

అందులో పదిహేడో వారం లేదు. పక్కింటివాళ్లు చదివి ఇస్తామని పట్టుకెళ్లి పోగొట్టారు. పదహారో వారం చివర హీరోయిన్ వర్షంలో గేటు దాటి వెళ్లిపోతుంది, సశేషం. పద్దెనిమిదో వారం మొదట్లో హీరో చేతికి కట్టుతో ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. మధ్యలో ఏం జరిగిందో మా అమ్మ నోటితో చెప్పేది. ఒకసారి లారీ గుద్దేది. ఇంకోసారి మేడమెట్లు జారేవాడు. మా నాన్న మీద కోపంగా ఉన్న రోజున మాత్రం కుక్క కరిచేది.

ఈ బైండు సంగతి మన పత్రికలో ఎందుకు ఎత్తానంటే, మొన్న సంక్రాంతి సంబరాల్లో మన తెలుగు సంఘం సాహితీ విభాగం వాళ్లు మైకు తిప్పుతూ, ‘ఈమధ్య చదివిన మంచి పుస్తకం ఒకటి చెప్పండి’ అన్నారు. అందరూ బరువైన పేర్లే చెప్పారు. నా వంతు వచ్చేసరికి నేనూ ఒక బరువైన పేరే చెప్పాను. అబద్ధం. ఆ పుస్తకం ముందుమాట దాటలేదు నేను. తర్వాత వంటగదిలో మిగిలిన పులిహోర ట్రేలకి ఫాయిల్ చుడుతుంటే, అదే మైకులో అవే పేర్లు చెప్పిన ముగ్గురు, యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ నవలలో హీరోయిన్ జయంతికి అంత పౌరుషం అవసరమా కాదా అని గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకావిడకి డైలాగులతో సహా గుర్తుంది. హాల్లో జరిగిన సదస్సు కంటే వంటగదిలో జరిగిందే బాగుంది. నా ఫిర్యాదల్లా, అది వంటగదిలో జరగాల్సి రావడం.

కాలక్షేపం నవల అంటాం కదా చప్పరిస్తూ, ఆ మాట ఒకప్పుడు అంత చవకది కాదు. హరికథా కాలక్షేపం అనేవారు. గుడి ముందు పందిరి వేసి, చిడతలు పట్టుకున్న దాసుగారు తెల్లవారేదాకా ఊరందరినీ కూర్చోబెడితే అది కాలక్షేపం. మధ్యలో పిట్టకథలు చెప్పి, జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించి, మళ్లీ కథలోకి వచ్చేవాడు. ఎవరూ దాన్ని తక్కువగా చూడలేదు. తర్వాతెప్పుడో ఆ మాట రైళ్లలో బఠాణీలు అమ్మేవాళ్ల నోట్లో పడింది, అక్కణ్నుంచి విమర్శకుల చేతికొచ్చింది.

విమర్శకుల దగ్గర ఇంకో మాట ఉంది, పలాయనవాదం. ఈ నవలలు మనిషిని జీవితం నుంచి పారిపోయేలా చేస్తాయట. 2021 మే నెలలో నేను నిజంగానే పారిపోయాను, ఒప్పుకుంటాను. అమ్మ గుంటూరులో ఆసుపత్రిలో ఉంది. అన్నయ్య ప్రతి గంటకీ ఆక్సిజన్ నంబరు మెసేజ్ పెట్టేవాడు. 88. 90. మళ్లీ 87. నాకిక్కడ ఒహాయోలో అర్ధరాత్రి. విమానం ఎక్కే పరిస్థితి లేదు. ఆ వారం రోజులూ వార్తలు చదవలేకపోయాను, దేవుడి పుస్తకం చదవలేకపోయాను, గొప్ప సాహిత్యమైతే తెరవనే లేదు. ఎర్ర బైండు తీసి, మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య ఒక్కో వారం చదువుకున్నాను. హీరో కోపంగా కారు తలుపు వేస్తాడు, నేను ఫోన్ చూస్తాను. హీరోయిన్ తల తిప్పుకుంటుంది, నేను ఫోన్ చూస్తాను. 93 వచ్చేసరికి పద్దెనిమిదో వారంలో ఉన్నాను. అమ్మ మాట్లాడగలిగిన మొదటి రోజు, ‘రోజూ సుందరకాండ చదివానమ్మా’ అన్నాను. ‘ఏ సుందరకాండే?’ అంది. పారిపోయినదాన్నయితే పొద్దున్నే లేచి పిల్లలకి లంచ్ బాక్సులు ఎవరు కట్టినట్టు?

ఇంతకీ మనలో ఎంతమందికి తెలుగు చదవడం బళ్లో అలవాటైంది? నాకైతే బళ్లో అక్షరాలు వచ్చాయి, చదవడం వచ్చింది మాత్రం అద్దె పుస్తకాల కొట్లో. రోజుకి 10 పైసలు, రెండో రోజు దాటితే ఇంకో 10. పుస్తకం చివరి పేజీ ఎవరో ఒకరు చింపేసి ఉండేవారు, అది వేరే బాధ. అరవై, డెబ్బై దశకాల్లో వారపత్రికల్ని మోసింది సీరియళ్లే. అవి రాసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, చదివినవాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. రచయిత్రుల పేరుకి ఎంత గిరాకీ ఉండేదంటే, మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఎమెస్కో వాళ్లు పాకెట్ బుక్స్ వేసి నవలని ఇంటింటికీ చేర్చారు. మగపిల్లల చేతుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆ తర్వాత మధుబాబు గారి షాడో. మా ఊళ్లో డిగ్రీ తప్పిన కుర్రాళ్లు కూడా షాడో పుస్తకాల వరస తప్పకుండా చెప్పేవారు. చతుర పత్రిక నెలకో పూర్తి నవల వేసేది. రైలు ప్రయాణానికి సరిగ్గా అంతే సరిపోయేది.

యద్దనపూడి సులోచనారాణి గారు 1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టారు. ఆవిడ ‘మీనా’ నవలని 1973లో విజయనిర్మల గారు సినిమా తీశారు. 2016లో వచ్చిన ‘అ ఆ’ సినిమాకీ ఆ కథే ఆధారం. అంటే మా అమ్మ, నేను, మా అమ్మాయి ఒకే కథకి మూడు కాలాల్లో నవ్వాం. 2018 మేలో ఆవిడ పోయింది ఇక్కడే, కాలిఫోర్నియాలో, కూతురి దగ్గర ఉండగా. ఆ వార్త వచ్చిన రోజు నా ఫోన్‌లో తెలుగువాళ్ల గ్రూపులు ఎప్పుడూ చూడనంతగా నిండిపోయాయి. చాలామంది ఆవిడ గురించి కంటే వాళ్ల అమ్మల గురించే రాశారు. ఏ సీరియల్ కోసం ఎవరి ఇంటికి పరిగెత్తారో, ఎవరు పత్రిక ముందు లాక్కున్నారో, అవీ.

ఆ నవలల్లో లోపాలు లేవని ఎవరన్నారు. ఇప్పుడు తిరగేస్తే నాకే ఒళ్లు మండే చోట్లు బోలెడు. హీరో చెయ్యి ఎత్తితే అది ప్రేమ కిందకి వచ్చేది. మేడలో వంటవాడికి, డ్రైవరుకి పేరుంటే గొప్ప, వాళ్లకో ఇల్లుందని ఎవరికీ గుర్తుండదు. హీరోకి ఆస్తి ఎలా వచ్చిందో మూడువందల పేజీల్లో ఒక్క వాక్యం ఉండదు. ఇంగ్లీషు నవలల్లోంచి దించేసినవీ తక్కువేం కాదు, ఊరి పేరు మార్చి మంచు మాత్రం అలాగే ఉంచేసినవాళ్లున్నారు. ఇవన్నీ నిజం. మా అమ్మాయి ఇవన్నీ నాకు లెక్కపెట్టి చెప్పింది. చెప్పాలంటే ముందు మొత్తం వినాలిగా, నాచేత రెండు వారాలు రాత్రిళ్లు చదివించుకుని మరీ చెప్పింది. పదిహేనేళ్లుగా దానికి తెలుగు నేర్పాలని నేను చేసిన ప్రయత్నాలన్నిటిలో ఫలించింది ఇదొక్కటే. తిట్టడానికైనా సరే, తెలుగు మాటలు వెతుక్కుంది.

నవ్వించే నవల రాయడం తేలికనుకుంటారు కానీ, ఏడిపించడానికి ఒక చావు చాలు. పొత్తూరి విజయలక్ష్మి గారి ‘ప్రేమలేఖ’ చూడండి. ఒకమ్మాయి సరదాకి, లేని మనిషికి రాసిన ఉత్తరం ఉన్న మనిషికి చేరుతుంది. అంతే సంగతి. దాన్ని పట్టుకుని జంధ్యాల గారు 1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’ తీస్తే, ఇప్పటికీ మన పిక్నిక్కుల్లో ఆ డైలాగులు లేకుండా అంత్యాక్షరి నడవదు. మా అబ్బాయికి ‘చంటబ్బాయ్’ సినిమా ప్రాణం. అది మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల నుంచి వచ్చిందని చెబితే నమ్మలేదు, తెలుగులో అలాంటి పుస్తకాలు కూడా ఉంటాయా అన్నాడు. తప్పు వాడిది కాదు. ఆదివారం తెలుగు బడిలో వాడికి పద్యాలు, సూక్తులు నేర్పాం. తెలుగంటే బుద్ధిగా కూర్చుని వినాల్సిందని వాడు అర్థం చేసుకున్నాడు.

మనం రాసుకునేదీ అలాగే ఉంది. మన పత్రికల పాత సంచికలు తిరగేయండి. ఎయిర్‌పోర్టులో చెయ్యి ఊపే ముసలి తండ్రి, ఫోన్‌లో వినబడిన చావు కబురు, రెండు దేశాల మధ్య నలిగే మనసు. నేనూ రాశాను ఇలాంటివి రెండు, కాదనను. కానీ తెలుగువాడు సీమకెళ్లిన కథ అనగానే అందరికీ గుర్తొచ్చే నవలలో ఏడుపు లేదు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదవడానికి బయల్దేరి, దారిలో మద్రాసులో దొరల టోపీ కొనుక్కుంటే అది కాస్తా దొరసాని టోపీ అవుతుంది. ఓడ ఎక్కి ఎడింబరో చేరేదాకా ప్రతి చోటా ఏదో ఒక తంటా. అతనికి ఇల్లు గుర్తు రాలేదనా, భయం వెయ్యలేదనా? అన్నీ ఉన్నాయి. శాస్త్రిగారు వాటిని నవ్వులో కలిపి మనచేత తాగించారు. నూరేళ్లు దాటినా ఆ టోపీ మనకి గుర్తుంది. నేను మొదటిసారి ఇక్కడ దిగినప్పుడు వేసుకున్న కోటు కూడా ఇంచుమించు అలాంటిదే. అది మగవాళ్ల రెయిన్‌కోటని ఆఫీసులో మూడు నెలల తర్వాత ఒకాయన మొహమాటపడుతూ చెప్పాడు.

మన బతుకుల్లో నవలకి సరుకు లేకనా? డెక్ మీద వడియాలు ఆరబెడితే హెచ్‌ఓఏ, అంటే మన కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, నుంచి వచ్చే ఉత్తరం. ఎండుమిర్చి పోపు పెడితే మోగిన స్మోక్ అలారం, దాని వెనకే వచ్చిన ఫైరింజన్, దిగిన ఫైర్‌మెన్‌కి వద్దన్నా కాఫీ ఇచ్చిన అత్తగారు. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో 23 కిలోల తూకం దగ్గర సూట్‌కేసు విప్పి, ఆవకాయ జాడీ చెల్లెలి సంచిలోకి, చెల్లెలి చీరలు బావగారి సంచిలోకి మారిన తర్వాత పుట్టిన తగాదా. మా వీధిలో ఒక తెలుగు మామ్మగారు, ఒక మెక్సికన్ మామ్మగారు ఉన్నారు. ఒకరి మాట ఒకరికి రాదు. గోంగూర, కొత్తిమీర మార్చుకుంటూ మూడేళ్లుగా ఏం మాట్లాడుకుంటున్నారో దేవుడికెరుక, కానీ ఇద్దరూ కోడళ్ల గురించే అని రెండిళ్ల కోడళ్లకీ గట్టి అనుమానం. ఇది సీరియల్ కాకపోతే ఇంకేమిటి? ఎవరైనా రాయండి, వారానికో భాగం. చివర సశేషం అని పెట్టండి, చాలు.

సాహితీ విభాగం వారికి ఒక్క విన్నపం. మన ఆఫీసు గదిలో పుస్తకాల బీరువా ఉంది. తాళం వేసి ఉంటుంది. అద్దంలోంచి చూస్తే సంపుటాలన్నీ కొత్తగా మెరుస్తున్నాయి, ఒక్కదానికీ కూర మరక లేదు. కింది అర ఖాళీ చెయ్యండి. ఈసారి విజయవాడ వెళ్లినప్పుడు ఏలూరు రోడ్డులోనో, హైదరాబాదులో ఆదివారం కోఠీ ఫుట్‌పాత్ మీదో దొరికే పాత నవలలు తలా నాలుగు తెద్దాం. తాళం వద్దు. చివరి పేజీ ఉందో లేదో మాత్రం చూసి తీసుకోండి.

నా ఎర్ర బైండు కూడా ఇద్దామనే అనుకున్నాను. అది ఇప్పుడు మా ఇంట్లో లేదు. జనవరిలో మా ఇంట్లో సత్సంగం జరిగినప్పుడు ఒక పెద్దావిడ పూజ అల్మారాలో దాన్ని చూసి, పాత అచ్చు ముచ్చటగా ఉందని, పారాయణ చేసుకుని ఇస్తానని మా అమ్మాయిని అడిగి పట్టుకెళ్లారు. రోజుకో సర్గ చొప్పున 68 రోజులు అన్నారట. నేను వంటగదిలో ఉన్నాను, తెలిసేసరికి వాళ్ల కారు వీధి మలుపు తిరిగింది. ఫోన్ చేసి ఏమని చెప్పను? ఆవిడా ఫోన్ చెయ్యలేదు. నాలుగు నెలలు దాటింది.

నిన్న ఇండియన్ స్టోర్లో బెండకాయలు ఏరుతుంటే పక్కకొచ్చి నిలబడ్డారు. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి అడిగారు.

‘అవునమ్మా, పదిహేడో వారంలో ఏం జరిగింది?’