గెలిచింది కారేనట!

కారు ర్యాలీల అభిమానుల మధ్య ఫ్రెంచ్ ర్యాలీ డ్రైవర్ మిషెల్ మూతోన్ పేరెత్తితే చాలు, ఒక పోస్టు చక్కర్లు కొడుతూ వచ్చేస్తుంది. "ఆమెదేం లేదు, అంతా ఆమె నడిపిన కారు ఆడి క్వాట్రో మహిమ. ఫోర్ వీల్ డ్రైవ్ చేతిలో ఉంటే ఎవరైనా గెలుస్తారు. అసలైన పరీక్ష వచ్చేసరికి చేతులెత్తేసింది" అని. ఆ అయిదు సిలిండర్ల ఇంజను మోత పాత వీడియోల్లో విని పెరిగినవాణ్ని, చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ముందు కారు సంగతి. బండి గొప్పదే, కాదనను. మట్టి మీదా మంచు మీదా నాలుగు చక్రాలూ లాగే కారుకు వెనక చక్రాల బండ్లు సాటి రావడం కష్టం. అయితే ఆమె ప్రపంచ టైటిల్‌కు పోటీపడ్డ 1982లో ఆ కారు ఆమె ఒక్కదాని దగ్గరే ఉందా? అదే జట్టులో హన్ను మిక్కోలా, స్టిగ్ బ్లూమ్‌క్విస్ట్ ఉన్నారు. 1983లో ఒకరు, 1984లో ఒకరు ప్రపంచ చాంపియన్లయినవాళ్లే. ఆ ఏడాది ఆడి గెలిచిన ఏడు ర్యాలీల్లో వాళ్లవి చెరి రెండు. మిగతా మూడూ, అంటే పోర్చుగల్, అక్రోపోలిస్, బ్రెజిల్, మూతోన్‌వి. బ్లూమ్‌క్విస్ట్ అన్ని ర్యాలీలూ నడపలేదు కాబట్టి ఆయన్ని వదిలేద్దాం. సీజన్ మొత్తానికి మిక్కోలాకు 70 పాయింట్లు, ఆమెకు 97. ఇంకో మాట. ఆ ఏడాది చాంపియన్ వాల్టర్ రోర్ల్ నడిపింది వెనక చక్రాల ఓపెల్ అస్కోనా. కారే గెలిపించేటట్టయితే టైటిల్ ఆయన ఇంటికెలా వెళ్లింది?

క్వాట్రో రాకముందు ఆమె ఏం చేసిందని అడిగేవాళ్లకు రెండే ముక్కలు: 1975లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల కారు రేసులో ముగ్గురు ఆడవాళ్ల జట్టుతో రెండు లీటర్ల ఇంజన్ల తరగతిలో గెలుపు, 1978లో ఫియట్ 131 అబార్త్‌తో టూర్ ద ఫ్రాన్స్ ఆటోమొబైల్ అనే కార్ల పోటీలో విజయం.

ఇక "చేతులెత్తేసింది" అన్న మాట. నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది ఇదే. 1982 ఐవరీ కోస్ట్ ర్యాలీ మొదలవబోతుండగా ఆమె తండ్రి క్యాన్సర్‌తో చనిపోయాడు. అయినా స్టీరింగ్ పట్టుకుంది. పక్క సీట్లో ఎప్పటిలాగే దారి చెప్పే సహ డ్రైవర్ ఫాబ్రిజియా పోన్స్. 1981లో శాన్‌రెమో గెలిచి, ప్రపంచ చాంపియన్‌షిప్ ర్యాలీ ఒకటి గెలిచిన తొలి మహిళ అని మూతోన్ పేరు తెచ్చుకున్నప్పుడు కూడా పక్కనున్నది ఈమే. సగం ర్యాలీ అయ్యేసరికి మూతోన్ రోర్ల్ కంటే గంటకు పైగా ముందుంది. అప్పుడు గేర్‌బాక్స్ మొరాయించింది. ఆధిక్యం అంతా కరిగిపోయింది. పోయిన సమయం రాబట్టాలని తెగించి తోలితే కారు దెబ్బతింది, ర్యాలీ అక్కడితో సరి. టైటిల్ రోర్ల్‌కు ఖాయమైంది. దీన్ని చేతులెత్తేయడం అంటారా? చివరిదైన బ్రిటన్ ఆర్ఏసీ ర్యాలీలో, ఇక గెలవడానికి టైటిల్ లేనప్పుడు కూడా, మిక్కోలా వెనకే రెండో స్థానంలో వచ్చింది.

ఇక అమెరికాలో పైక్స్ పీక్ కొండ. కార్లు పోటీపడి దాని శిఖరానికి ఎక్కుతాయి. అప్పట్లో మట్టి రోడ్డు, మలుపులు 156, చాలాచోట్ల అంచున కడ్డీ కూడా ఉండేది కాదు. 1985లో ఆమె దాన్ని 11 నిమిషాల 25.39 సెకన్లలో ఎక్కింది. అంతకుముందు రికార్డు అల్ అన్సర్ జూనియర్‌ది, దాదాపు 13 సెకన్లు ఎక్కువ. మరుసటి ఏడాదే బాబీ అన్సర్ ఆమె రికార్డును కొట్టాడు, అదీ ఆడి క్వాట్రోతోనే. ఆయన గురించి "కారు గెలిచింది" అన్నవాడు నాకింతవరకూ తగల్లేదు.