గవర్నరు దింపేసిన పశువుల ఆసామి

వాంకూవర్ నుంచి ఉత్తరానికి వెళ్లే మనవాళ్లు క్యాష్ క్రీక్‌లో పెట్రోలు పోయించుకుని సాగిపోతారు. చుట్టూ అనంతపురం వైపు కనిపించేలాంటి ఎండు కొండలు. అక్కడ పశువులు పెంచిన చార్లెస్ సెమ్లిన్ 1898లో కెనడాలోని ఈ బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి, అయ్యాడు. ఆయన కథ ఇక్కడ పెరిగే మన పిల్లలకు చెప్పితీరాలి.

1862లో బంగారం కోసం వచ్చి, కారిబూ బంగారు గనులకు వెళ్లే బండ్ల దారిన పూటకూళ్ల ఇల్లు నడిపి, డొమినియన్ రాంచ్ అనే పశువుల క్షేత్రం పెట్టాడు. రాంచ్‌లు మైళ్ల ఎడంగా ఉండేవి, పిల్లలు రోజూ బడికి వెళ్లొచ్చే వీలుండేది కాదు. సర్కారు బోర్డింగ్ స్కూలు కావాలని పట్టుబట్టాడు, 1874లో క్యాష్ క్రీక్‌లో తెరిపించాడు. 1871 నాటి తొలి శాసనసభలోనే సభ్యుడు. ప్రీమియర్‌గా ఉండగా, 1899లో, లోహపు గనుల్లో 8 గంటల పని చట్టం వచ్చింది. యజమానులు మండిపడ్డారు.

1900 ఫిబ్రవరిలో నియోజకవర్గాల పునర్విభజన బిల్లు ఒక్క ఓటుతో వీగిపోయింది. సెమ్లిన్ మళ్లీ మెజారిటీ కూడగట్టుకున్నాడు. అయినా లెఫ్టినెంట్ గవర్నర్ మెకినెస్ ఆయన్ను బర్తరఫ్ చేసి, ఆయన దగ్గరే మంత్రిగా చేసి బయటికొచ్చిన జోసెఫ్ మార్టిన్‌ను పిలిచాడు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గవర్నరు దింపేయడం చూసిన తెలుగువాళ్లకు ఇంతకంటే వివరించక్కర్లేదు. బలం ఎవరికుందో తేలాల్సింది సభలో, గవర్నరు బంగళాలో కాదు.

సభ ఊరుకోలేదు. మార్టిన్ మీద అవిశ్వాసం 28–1 ఓట్లతో నెగ్గింది. సమావేశాలు ముగించడానికి మెకినెస్ వస్తే సభ్యులంతా లేచి వెళ్లిపోయారు, మార్టిన్ ఒక్కడే మిగిలాడు! ఆ జూన్‌లో మార్టిన్ ఎన్నికల్లో ఓడాడు, మెకినెస్‌ను ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం తీసేసింది. ఎన్టీఆర్ నెలకే తిరిగొచ్చారు, సెమ్లిన్‌కు మాత్రం ఆ కుర్చీ మళ్లీ దక్కలేదు. అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

అలాగని ఆయన్ను మచ్చలేని మనిషిగా నిలబెట్టకూడదు. ఆ 28 మందిని ఎన్నుకున్నప్పుడు చైనీయులకు, జపనీయులకు, ఈ నేల మూలవాసులకు ఓటు లేదు. సెమ్లిన్ సర్కారు దాన్ని మార్చలేదు. 1907లో అదే శాసనసభ మన భారతీయుల ఓటూ లాగేసింది, 1947 దాకా తిరిగివ్వలేదు. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ సగం దాచొద్దు.