ముందు ఊరిని అడగండి

2012 నవంబరులో కోలారు గోల్డ్ ఫీల్డ్స్ ఒక్కసారిగా భగ్గుమంది. తమిళనాడులోని కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం కేసులో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పిన వివరాల్లో అణువ్యర్థాలకు సంబంధించి మూతబడిన కోలారు బంగారు గనుల ప్రస్తావన ఉందన్న వార్త బయటికి రావడమే కారణం. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి వినిపించే ఆ ఊళ్లో జనం రోడ్డెక్కారు. అలాంటి ఆలోచనే లేదని కేంద్రం హడావుడిగా ప్రకటించాక గొడవ సద్దుమణిగింది. నిజానికి ఆ గనుల్లో దాదాపు కిలోమీటరు లోతున అణుశక్తి విభాగం చాలా ఏళ్ల ముందే ప్రయోగాలు చేసింది. రాతిని హీటర్లతో వేడిచేసి, ఆ వేడికి అది ఎలా మారుతుందో కొలిచింది. వ్యర్థాలేవీ అక్కడ పెట్టలేదు. ఆ పరిశోధన అవసరమైనదే, అందులో దాచాల్సిందీ లేదు. అయినా ఊరి జనానికి తమ కాళ్ల కింది రాయి గురించి తెలిసింది కోర్టు వార్తల ద్వారా! అలా తెలిసిన సంగతిని ఎవరు మాత్రం నమ్ముతారు?

2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్ సాధించాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఇప్పుడున్నది దాదాపు 9 వేల మెగావాట్లు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ అనే కొత్త అణుశక్తి చట్టం రియాక్టర్ల రంగంలోకి ప్రైవేటు కంపెనీలను అనుమతించింది, అణుశక్తి నియంత్రణ బోర్డుకు చట్టబద్ధ హోదా ఇచ్చింది. వాడేసిన ఇంధనం బాధ్యత మాత్రం కేంద్రం దగ్గరే ఉంది. అది సబబే. కానీ వ్యర్థాలను చివరికి ఎక్కడ ఉంచాలో తేల్చేటప్పుడు అక్కడి జనం మాటకు ఉండే విలువ ఎంత? దీనికి మన విధానంలో సూటి జవాబు లేదు. స్థలం ఎంపిక భూగర్భ శాస్త్రవేత్తల పని, జనాన్ని ఒప్పించడం ఆ తర్వాత కలెక్టరు పని అన్నట్టుగా నడుస్తోంది. ఈ వరస తలకిందులుగా ఉందన్నది మా నిశ్చితాభిప్రాయం.

కెనడా అనుభవం చూడండి. ఆ దేశపు ప్రభుత్వ రంగ అణు సంస్థ వాడేసిన ఇంధనాన్ని 500 నుంచి 1,000 మీటర్ల లోతున, అతి పురాతనమైన గట్టి రాతిలో పాతిపెట్టే పథకం తయారుచేసింది. బ్లెయిర్ సీబోర్న్ నేతృత్వంలోని సంఘం దాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి, ఊరూరా విచారణలు జరిపి, 1998 మార్చిలో నివేదిక ఇచ్చింది. పథకం దశలో చూస్తే సాంకేతికంగా దీని భద్రత మొత్తం మీద తగినంతగా రుజువైందని, సామాజిక కోణంలో మాత్రం రుజువు కాలేదని తేల్చింది. భద్రతంటే ఇంజినీరు లెక్క ఒక్కటే కాదని, ఆ లెక్కను నమ్మి పక్కనే బతకాల్సిన మనిషి ఒప్పుకోలు కూడా అందులో భాగమేనని ఒక ప్రభుత్వ సంఘం అంత స్పష్టంగా రాయడం చిన్న సంగతి కాదు.

తర్వాత ఏర్పాటైన సంస్థ, ఇష్టపడిన ఊరికే వెళ్తామని ముందే మాటిచ్చింది. 2010లో ఎంపిక మొదలుపెడితే 22 ఊళ్లు తమను పరిశీలించమని ముందుకొచ్చాయి. వడపోత పద్నాలుగేళ్లు సాగింది. 2024 జులైలో ఇగ్నేస్ పట్టణం, నవంబరులో వాబిగూన్ లేక్ ఒజిబ్వే ఆదివాసీ జాతి సమ్మతి తెలిపాకే చోటు ఖరారైంది. ఆ ఆదివాసులు గుడ్డిగా తల ఊపలేదు. ప్రాజెక్టును తమ సొంత నియంత్రణ ప్రక్రియతోనూ పరీక్షిస్తామని పట్టుబట్టారు. అదే దేశంలో, హ్యూరన్ సరస్సు దగ్గర తక్కువ, మధ్య స్థాయి వ్యర్థాలను పాతిపెట్టే మరో ప్రాజెక్టుకు సమీక్షా సంఘం 2015లో పచ్చజెండా ఊపింది. 2020 జనవరిలో అక్కడి సాజీన్ ఒజిబ్వే ప్రజలు ఓటేస్తే వద్దన్నవారు 1,058 మంది, సరేనన్నవారు 170 మంది. మీరు ఒప్పుకోకపోతే కట్టబోమని కంపెనీ ముందే మాటిచ్చింది, దానికి కట్టుబడి ప్రాజెక్టును వదులుకుంది.

జనానికి సైన్స్ తెలియదు, వాళ్లు భయపడటం తప్ప చేసేదేముంది అని మన అధికారులు తరచూ అంటుంటారు. దీనికి స్వీడన్ సమాధానం చెబుతుంది. అక్కడి పథకంలో వాడేసిన ఇంధనాన్ని పోత ఇనుము లోపలి భాగంగా, 5 సెంటీమీటర్ల మందం రాగి పైతొడుగుగా ఉన్న గొట్టాల్లో పెడతారు. వాటి చుట్టూ నీరు తగిలితే ఉబ్బే బెంటోనైట్ మట్టి కూరి, 500 మీటర్ల లోతున రాతిలో దించుతారు. ఆక్సిజన్ లేని నీటిలో రాగి దాదాపు చెక్కుచెదరదన్నదే ఈ డిజైన్‌కు ఆయువుపట్టు. అది అంత ఖాయం కాదని కొందరు పరిశోధకులు ప్రశ్నించారు. ఆ ప్రశ్నను పర్యావరణ సంఘాలు వదిలిపెట్టకుండా కోర్టు దాకా తీసుకెళ్లాయి. వాళ్లు సొంత నిపుణులను పెట్టుకోగలిగారంటే, అణువ్యర్థాల నిధి నుంచే ఆ సంఘాలకూ స్థానిక మున్సిపాలిటీలకూ డబ్బు అందింది కాబట్టి. 2018లో పర్యావరణ కోర్టు, రాగి తుప్పు విషయంలో ఇంకా ఆధారాలు కావాలంది. పథకం చేపట్టిన సంస్థ మళ్లీ పరిశోధించి పత్రాలు సమర్పించింది. ఎంచుకున్న చోటైన ఫోర్స్‌మార్క్‌లో ఈ నిర్మాణాన్ని ఊరు 2020లో, ప్రభుత్వం 2022లో అంగీకరించాయి. బయటివాళ్లు నిలదీసినందువల్లే అక్కడి ఇంజినీర్లు తమ ఆధారాలను ఇంకా గట్టిపరచుకోవాల్సి వచ్చింది. అంతకుముందు స్టోరుమాన్, మాలో అనే రెండు ఊళ్లు రెఫరెండంలో కాదంటే, అదే సంస్థ మారుమాట లేకుండా వెళ్లిపోయింది.

బలవంతం చేసినచోట ఏమైందో కూడా తెలిసిందే. అమెరికా 1987లో నెవాడాలోని యుక్కా మౌంటెన్‌ను చట్టం చేసి మరీ ఖాయం చేసింది, 2002లో ఆ రాష్ట్రం అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. నేటికీ ఒక్క ఇంధన కడ్డీ కూడా అక్కడికి చేరలేదు. దాదాపు 90 వేల టన్నుల వ్యర్థం దేశమంతటా విద్యుత్ కేంద్రాల ఆవరణల్లో పడి ఉంది. జర్మనీ 1977లో ఎంచుకున్న గోర్లేబెన్‌ను, దశాబ్దాల ఆందోళనల తర్వాత, 2020లో జాబితా నుంచే తీసేసింది.

మన శాస్త్రవేత్తల పనితనాన్ని తక్కువ చేయడం లేదు. తీవ్ర రేడియోధార్మిక ద్రవాలను గాజుతో కలిపి కరిగించి, స్టీలు డబ్బాల్లో పోసి గట్టిపరిచే పరిజ్ఞానం ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో ఉంది. వాడేసిన ఇంధనాన్ని శుద్ధిచేసి మళ్లీ వాడతాం కాబట్టి మిగిలేది తక్కువేనని, లోతైన భూగర్భ నిల్వ ఇప్పట్లో అవసరం లేదని ప్రభుత్వం చెబుతోంది. ఆ డబ్బాలు కొన్ని దశాబ్దాలు చల్లారాలి కాబట్టి టైమ్ ఉన్న మాట నిజం. ఆ టైమ్‌ను జనంతో మాట్లాడటానికి వాడుకోవాలి. స్థలం అత్యవసరమయ్యాక మొదలుపెట్టే సంప్రదింపులు మొక్కుబడి తంతుగానే మిగులుతాయి.

తెలుగునాట ఇది రేపటి ముచ్చట కాదు. పులివెందుల పక్కన వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. అక్కడి ముడిరాయి వంద కిలోలు తీసుకుంటే అందులో యురేనియం యాభై గ్రాములు కూడా ఉండదు. మిగతాదంతా బురదగా మారి, పైపుల్లో టెయిలింగ్ పాండ్‌కు, అంటే వ్యర్థాల చెరువుకు చేరుతుంది. యురేనియం తీసేసినా ముడిరాయిలోని రేడియోధార్మికతలో అధికభాగం ఆ బురదలోనే ఉంటుంది. అందులోని రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. పాండ్ చుట్టుపక్కల ఊళ్ల రైతులు తమ బోర్ల నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. అందుకు తాము కారణం కాదని యురేనియం కార్పొరేషన్ అంటోంది. ఎవరి మాట నిజమో ఇక్కడ కూర్చుని మేం తీర్పు చెప్పలేం. కానీ గని నడిపే సంస్థా, అక్కడి పరిసరాలను క్రమం తప్పకుండా కొలిచే ప్రయోగశాలా రెండూ అణుశక్తి విభాగం కిందివే అయినప్పుడు, ఫలితం ఎంత కచ్చితంగా ఉన్నా బోరు యజమాని దాన్ని నమ్మడు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మాటెత్తగానే జనం అంతగా కదిలి, తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసేదాకా వెళ్లిందంటే, ఆ అపనమ్మకం ఎంత లోతుగా ఉందో అర్థమవుతుంది.

ఊరికి కాదనే హక్కు ఇస్తే దేశంలో ఎక్కడా చోటు దొరకదన్న వాదన ఉంది. ఫిన్లాండ్ చట్టం 1987 నుంచే మున్సిపాలిటీకి ఆ హక్కు ఇచ్చింది. 2000 జనవరిలో యూరాయోకి కౌన్సిల్ 20-7 ఓట్లతో సరేనంది. ప్రపంచంలో వాడేసిన ఇంధనానికి మొట్టమొదటి భూగర్భ నిల్వ తయారైంది అక్కడే. వీటో ఉన్న దేశం ముందుకెళ్లింది, వీటోను తోసిపుచ్చిన అమెరికా ఇంకా వెతుకుతూనే ఉంది.

వ్యర్థాల స్థలం కోసం సర్వే మొదలుపెట్టే ముందే గ్రామసభకు తెలుగులో, కన్నడంలో, ఏ ప్రాంతమైతే ఆ భాషలో సమాచారం ఇవ్వాలి. నిర్ణీత దశ వరకు కాదనే హక్కును చట్టంలోనే రాయాలి. కేంద్రాల కూల్చివేత ఖర్చు కోసం అణు కరెంటు మీద యూనిట్‌కు 2 పైసలు ఎలాగూ వసూలు చేస్తున్నారు. ఊళ్లు తమకు నచ్చిన నిపుణులను పెట్టుకోవడానికి అలాంటిదే ఒక చిన్న నిధి పెట్టడం కష్టమేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో రియాక్టర్లకు పునాది పడకముందే, వాడేసిన ఇంధనాన్ని ఎన్నేళ్లు అక్కడ ఉంచుతారో, తర్వాత ఎటు తరలిస్తారో మత్స్యకారులకు రాతపూర్వకంగా చెప్పాలి.

ముందుగా కదలాల్సింది మాత్రం వేములలో. గ్రామసభలు ఎంచుకున్న, అణుశక్తి విభాగంతో సంబంధం లేని ప్రయోగశాలతో ప్రతి మూడు నెలలకు బోర్ల నీటిని పరీక్షించాలి. నమూనా తీసేటప్పుడు రైతు పక్కనే ఉండాలి. ఫలితాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా కలెక్టరు ఉత్తర్వు ఒక్కటి చాలు.