అడ్డదారికి అడ్డుకట్ట

తారు రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటిగా కార్లు పరిగెత్తే ర్యాలీ పందేల్లో ఒక ఘోరం జరిగిపోతోంది. డ్రైవర్లు మలుపులు తిరగడం లేదు, కోసుకుపోతున్నారు. లోపలివైపు చక్రాలు రోడ్డు దిగి అంచున మట్టిని గీరుకుంటూ పోతే సెకనులో పిసరంత మిగులుతుంది. ఆ మట్టి, రాళ్లు తారు మీదికొచ్చి వెనకవాళ్ల కోసం ఎదురుచూస్తుంటాయి. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

కంకర దారిలో ముందు బండే చీపురు. వదులు కంకరంతా ఊడ్చి వెనకవాళ్లకు బాట వేస్తుంది, ఏడుస్తూనే. తారు మీద ఆ ఏడుపు వెనకవాడికి బదిలీ అవుతుంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పాయింట్లు ఎక్కువున్నవాడే తొలిరోజు ముందు బయల్దేరాలన్న నియమం కంకరలో శిక్ష, తారు మీద బహుమానం. రెండోదాని గురించి బహుమానం అందుకున్నవాడు గొడవ చేయగా నేను వినలేదు.

పైగా ఇది ఆవేశంలో చేసే నేరం కాదు. రెక్కీలో, అంటే పందేనికి ముందు దారి చూసుకునే ప్రయాణంలో, దారంతా రెండేసిసార్లు చూసి, ఎక్కడ కోయాలో నోట్స్‌లో రాసుకుంటారు. పరుగులో పక్కన కూర్చున్న కో-డ్రైవర్ దాన్ని పైకి చదివి వినిపిస్తాడు. కొన్నిచోట్ల 'కోయకు' అని కూడా ఉంటుంది. అది మనస్సాక్షి అనుకునేరు, అక్కడ బండరాయి ఉందని అర్థం.

నిర్వాహకులు ఊరుకోలేదు. మలుపుల దగ్గర ప్లాస్టిక్ స్తంభాలు పాతారు, గడ్డిమోపులు పేర్చారు. నాలుగు బండ్లు మర్యాదగా పక్కనుంచి పోతాయి. అయిదోది పడగొడుతుంది. ఆరోవాడి నోట్స్‌లో మాత్రం స్తంభం ఠీవిగా నిలబడే ఉంటుంది, పాపం.

అసలు మందు జర్మనీలో ఉంది. బామ్‌హోల్డర్ సైనిక క్షేత్రంలో యుద్ధ ట్యాంకులు రోడ్డు దిగకుండా పక్కన పెద్ద పెద్ద బండలు పాతారు. హింకెల్‌స్టైన్ అంటారు వాటిని. జర్మనీ ర్యాలీ ఆ దారిన సాగినన్నాళ్లూ అక్కడి మలుపులు గుండ్రంగానే ఉన్నాయి. ట్యాంకుకు బుద్ధి చెప్పిన రాయికి కారు ఒక లెక్కా?

మరీ కఠినమంటారా? అయితే నా కమిటీ (సభ్యుణ్ణి నేనొక్కణ్ణే) సిఫారసు వినండి. చాలా స్టేజీలు, అంటే టైము లెక్కగట్టే దారిముక్కలు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నడుస్తాయి. పొద్దున ఎవడెంత మట్టి ఎత్తిపోశాడో తూచి, బరువు ఎక్కువున్నవాణ్ణి మధ్యాహ్నం అందరికంటే చివర పంపాలి. ఇందుకు మలుపుకో తక్కెడ కావాలి. ఎక్కడ పెట్టాలంటే, సరిగ్గా లోపలి అంచున.

మర్నాటికల్లా నోట్స్‌లో కొత్త మాట చేరుతుంది: 'తక్కెడ ఉంది, కోయకు.'