అమృతాలు మారారు, అంజి మారలేదు

2001 నవంబరు 18న జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరు వరకు నడిచిన ‘అమృతం’ ధారావాహిక పేరు కథానాయకుడిది. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన దాని ప్రారంభ గీతం మాత్రం పక్కనుండే మిత్రుడు ఆంజనేయులును, అంటే అంజిని, పిలుస్తుంది. 313 భాగాల ఆ ధారావాహికలో అమృతరావుగా శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ కనిపించారు. అంజిగా ఉన్నది గుండు హనుమంతరావు ఒక్కరే. ప్రధాన పాత్రలోకి కొత్త నటుడు వచ్చిన ప్రతిసారీ ప్రేక్షకులు అతణ్ని ఇట్టే ఒప్పుకున్నారంటే, అందులో రచన బలం ఎంతో ఉన్నా, ఎదుట నిలబడిన అంజి ఆ కొత్త మనిషితో ఏళ్ల స్నేహం ఉన్నట్టే మాట్లాడడం అసలు కారణమని నా అభిప్రాయం.

విజయవాడ నాటకాల నుంచి వచ్చిన హనుమంతరావును జంధ్యాల 1987లో ‘అహ నా పెళ్ళంట’తో సినిమాకు పరిచయం చేశారు. తర్వాత ఎస్.వి. కృష్ణారెడ్డి సినిమాలతో సహా వందల చిత్రాల్లో నటించారు. అయితే సినిమా ఆయనకు ఎక్కువగా ఇచ్చింది రెండు మూడు సన్నివేశాలు. వచ్చి, నవ్వించి, వెళ్లిపోవాలి. ఆ మనిషికి ఇల్లుందో లేదో, భార్యకు భయపడతాడో లేదో చెప్పే తీరిక కథకు ఉండదు. ఆ తీరిక గుణ్ణం గంగరాజు నిర్మించిన ‘అమృతం’లో దొరికింది. అక్కడ అంజికి భార్య శాంత ఉంది, అద్దె ఇల్లుంది, ఇంటి యజమాని అప్పాజీ గద్దింపు ఉంది, మిత్రుడితో కలిసి నడిపే అమృత విలాస్ హోటల్ ఉంది.

ఆయన నటన గొప్పతనం మాట్లాడేటప్పటి కంటే వినేటప్పుడు తెలుస్తుంది. అమృతం ఒక్క రోజులో డబ్బు సంపాదించే ఆలోచన చెబుతుంటే అంజి ముఖంలో ముందు అనుమానం, తర్వాత భయం, ఆ వెనకే కాస్త ఆశ కనిపిస్తాయి; వద్దని వారించిన నోటితోనే చివరికి సరేనంటాడు. అవతలివాడి మాటకు నవ్వు పుట్టేది ఈ ముఖంలోనే. రచయిత కాగితం మీద రాయలేని భాగం ఇది. సహాయ నటుడంటే కథానాయకుడికి తోడుగా నాలుగు మాటలు అప్పజెప్పేవాడన్న మన అంచనా ఎంత పొరపాటో ఇక్కడ తేలిపోతుంది. 2020లో వచ్చిన ‘అమృతం ద్వితీయం’లో అంజి పాత్రను ఎల్.బి. శ్రీరామ్ వంటి సమర్థుడే చేసినా, నా కళ్లు పాత అంజినే వెతుక్కున్నాయి.

2018 ఫిబ్రవరి 19న, 61 ఏళ్ల వయసులో హనుమంతరావు కన్నుమూశారు. మూత్రపిండాల జబ్బుతో బాధపడిన ఆయన చికిత్సకు చిరంజీవి ఆర్థిక సాయం చేశారు. అది మెచ్చుకోదగిన పని. కానీ ఇంటింటా తెలిసిన నటుడికి వైద్యం కోసం దాతల అండ ఎందుకు అవసరమైంది? మన టీవీ రంగంలో నటులకు సాధారణంగా పనిచేసిన రోజుల లెక్కనే పారితోషికం అందుతుంది, పునఃప్రసారాలపై వాటా ఇచ్చే ఆనవాయితీ లేదు. పాత ధారావాహికలను జనం యూట్యూబులో మళ్లీ మళ్లీ చూస్తున్న ఈ కాలంలో, ఆ ఆదాయంలో నటులకు వాటా ఉండేలా ఒప్పందాలు రాయాలి. ఆ లెక్క మొదలుపెట్టవలసింది అంజి లాంటి పాత్రధారుల నుంచే.