బ్రేకు వదిలితే చాలదు, గుర్తు చెప్పాలి

కాజీపేటలో పొద్దున్నే హైదరాబాద్ రైలెక్కేవారిలో పొడవాటి స్కాన్ కవరు చంకలో పెట్టుకున్నవారు కనిపిస్తూనే ఉంటారు. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికేనా అని అడగనక్కర్లేదు. ఈ మధ్య వెంట వచ్చిన కొడుకో కూతురో ఫోనులో వార్త చూపించి అడుగుతున్నారు: "క్యాన్సర్‌కు టీకా వచ్చిందట కదా సార్?"

వచ్చిందనడం తొందరపాటే. రోగాలతో పోరాడే మన తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాలు సొంత ఒంటిమీదే విరుచుకుపడకుండా వాటికి సహజంగా బ్రేకులున్నాయి. గడ్డ ఆ బ్రేకును తొక్కిపట్టి తప్పించుకుంటుంది. దాన్ని వదిలించే చికిత్సకు బాట వేసినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ దక్కింది. అయితే గడ్డను గుర్తుపట్టే టీ కణాలే లేకపోతే బ్రేకు వదిలి ఏం లాభం? ఆ గుర్తు చెప్పడం టీకా పని.

రెండూ కలిపితే లాభం రెట్టింపు అనుకోవడం తేలిక. 2010లో ఆ లెక్క తప్పింది. ముదిరిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న 676 మందిపై జరిగిన పరీక్షలో బ్రేకు వదిలించే మందు ఇపిలిముమాబ్ ఒక్కటే తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది బతికి దాటిన కాలం, 10.1 నెలలు. జీపీ100 టీకా కూడా కలిపితే 10.0. టీకా వల్ల ఒరిగింది శూన్యం. ఆ టీకా చూపిన గుర్తు మామూలు చర్మకణాల్లోనూ ఉండేదే; ఇంటివాడిని దొంగని చూపిస్తే కాపలాదారు నమ్ముతాడా?

ఇప్పటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకా తీరు వేరు. ఏ రోగి గడ్డలోని జన్యుమార్పులను చదివి ఆ రోగికే, గరిష్ఠంగా 34 గుర్తులతో తయారుచేస్తారు. 157 మందిపై జరిగిన పరీక్షలో, దీన్ని పెంబ్రోలిజుమాబ్ అనే మరో బ్రేకు వదిలించే మందుతో కలిపి తీసుకున్నవారిలో, ఆ మందు ఒక్కటే తీసుకున్నవారితో పోల్చినప్పుడు జబ్బు తిరగబెట్టే లేదా మరణించే ముప్పు 44 శాతం తగ్గింది. కానీ వారంతా ఆపరేషన్‌తో గడ్డ తీయించుకున్నవారు. కాలేయానికి పాకిన గడ్డతో రైలెక్కిన మనిషికి ఈ అంకె వర్తించదు. వార్తల్లో జారిపోతున్నది సరిగ్గా ఈ మాటే.

గుట్కా, జర్దా నమిలి నోటి క్యాన్సర్ తెచ్చుకున్నవారికి నా దృష్టిలో ఇంతకన్నా దగ్గరి కబురు ముంబయి టాటా మెమోరియల్‌ది. ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో తక్కువ ఖర్చు కీమో మాత్రలకు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ జోడించారు; ఇదీ బ్రేకు వదిలించే మందే. మామూలు మోతాదులో అది పదో వంతు కూడా కాదు. ఏడాది తర్వాత బతికున్నవారు 16.3 నుంచి 43.4 శాతానికి పెరిగారు. టీకా సంగతి సరే, ఈ చిన్న మోతాదు గురించి డాక్టరును అడిగారా అని నేను తిరిగి అడుగుతుంటాను.

ఇంకొకటీ అడుగుతాను: బయాప్సీ బ్లాకు ఉందా? గడ్డ నుంచి తీసిన కణాలను దాచిన, అగ్గిపెట్టెకన్నా చిన్న మైనపు ముక్క. రేపు టీకా వచ్చినా చదవాల్సింది అందులోని కణాలనే. మొన్న ఒకాయన స్కాన్ కవరంతా తిరగేసి, చివరికి చొక్కా జేబులోంచి తీశాడు.