పిండికట్టుతో సరిపెట్టొద్దు

పెద్దగా దెబ్బేమీ తగలకుండానే చంటిబిడ్డ తొడ ఎముక విరిగితే ముందు మాటలు పడేది తల్లి. సరిగా చూసుకోలేదంటారు. కట్టు వేసి, కాల్షియం సిరప్ రాసి పంపేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ విరుగుతుంది, మళ్లీ అదే కట్టు. అసలెందుకు విరుగుతోందని అడగాల్సిన బాధ్యత వైద్య వ్యవస్థది కాదా?

ఇలా విరగడానికి ఒక కారణం, ఎముకలు పెళుసుగా ఉండే ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా. ఇది సుమారు 15-20 వేల మందిలో ఒకరికి పుట్టుకతో వచ్చే జబ్బు. ఎక్కువమందిలో లోపం కొల్లాజెన్‌ను తయారుచేసే రెండు జన్యువుల్లో ఏదో ఒకదానిది. ఎముకకు పట్టునిచ్చే ఈ ప్రొటీన్ మూడు పోగుల తాడులా పురి తిరిగి ఉంటుంది. ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అతి చిన్న అమైనో ఆమ్లం ఉంటేనే పురి బిగుస్తుంది. ఒక్కచోట దాని బదులు పెద్దది చేరినా సడలిపోతుంది. పిండికట్టు వేసినా, పుత్తూరు కట్టు కట్టినా విరిగింది అతుక్కుంటుంది. కొత్తగా ఏర్పడే ఎముకలోనూ అదే లోపం ఉంటుంది. కాల్షియం దాన్ని సరిచేయలేదు.

ఎముక చిక్కగా ఉంటే గట్టిగా ఉన్నట్టేనన్నదీ అపోహే. ఆస్టియోపెట్రోసిస్ అనే మరో జన్యు జబ్బులో పాత ఎముకను కరిగించే కణాలు పనిచేయవు. ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి, అయినా పుటుక్కున విరుగుతాయి. మూలుగకు చోటు లేక రక్తం తగ్గిపోతుంది, నరాలు నొక్కుకుపోయి చూపు పోతుంది. పసిబిడ్డల్లో కనిపించే తీవ్ర రకాలు చాలావాటికి వేళ మించకముందే మూలుగ మార్పిడి చేస్తే బిడ్డ దక్కుతుంది. ఇక్కడ ప్రతి నెలా విలువైనదే.

తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితే వచ్చే ఇలాంటి జబ్బులకు మేనరికాలు ఆస్కారం పెంచుతాయి. ఆ మాట దాచక్కర్లేదు. అయితే ఆస్టియోజెనిసిస్ చాలావరకు ఒక్కరి నుంచి వస్తుంది, లేదా బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. ప్రతి కేసునూ మేనరికం ఖాతాలో వేయడం అన్యాయం.

ఆస్టియోజెనిసిస్‌కు చేయదగ్గవి చాలానే ఉన్నాయి. బిస్ఫాస్ఫొనేట్ మందులు ఎముక సాంద్రతను పెంచుతాయి. లోపల రాడ్లు వేసే ఆపరేషన్ వంకరలను సరిచేస్తుంది. గుడ్డ మార్చేటప్పుడు చీలమండలు పట్టి ఎత్తకుండా, పిరుదుల కింద అరచేయి పెట్టి ఎత్తాలని తల్లికి నేర్పడానికి రూపాయి ఖర్చు కాదు.

బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాలు ‘ఇప్పటికి ఎన్నిసార్లు విరిగింది?’ అని కూడా అడగాలి. కనుగుడ్డులోని తెలుపు నీలంగా ఉందేమో చూడాలి. అనుమానమొస్తే జన్యు పరీక్షకు పంపాలి, ఆ ఖర్చు ప్రభుత్వాలే భరించాలి. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద గుర్తించిన వ్యాధులకు 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది, హైదరాబాద్ నిమ్స్ అందుకు గుర్తింపు పొందిన కేంద్రం. ఈ సంగతి ఏరియా ఆసుపత్రిలో కట్టు వేసే ప్రతి డాక్టరుకూ తెలిసేలా రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు వెంటనే ఆదేశాలివ్వాలి.